మాత్రల గ్యాడ్జెట్ కొంటున్నారా? అలారం మోగితే చాలదు, "వేసుకున్నారా లేదా" కూడా చెప్పాలి

బాలాపూర్ అనగానే అందరికీ గణేశుడి లడ్డూ వేలమే గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలై ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. మా ఇల్లూ అక్కడే. కానీ మా అమ్మకి షుగర్, అందుకే లడ్డూకి దూరం నుంచే దండం.

ఓ రోజు పొద్దున టిఫిన్‌కి ముందు ఫోన్‌లో రిమైండర్ మోగింది, అమ్మ మాత్ర వేసుకుంది. అయితే ఆఫ్ చేయబోయి స్నూజ్ నొక్కింది. పది నిమిషాలకి మళ్లీ మోగింది. "ఏసుకున్ననో లేదో యాదికొస్తలేదు బిడ్డా" అంటూ ఇంకోటి వేసేసుకుంది. అది గ్లిమెపిరైడ్. కాసేపటికి చెమటలు, చేతులు వణుకు. గ్లూకోమీటర్‌లో 58. గ్లూకోజ్ నీళ్లు తాగించి డాక్టర్‌కి ఫోన్ చేశాం. ఈ మందు ప్రభావం చాలా గంటలు ఉంటుందని, మళ్లీ మళ్లీ చెక్ చేస్తూ ఉండమన్నారు.

రిమైండర్ తన పని తాను చేసింది. లోపం డిజైన్‌లో ఉంది. అది గుర్తుచేస్తుంది గానీ, గుర్తుపెట్టుకోదు. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్నవి ఎలా పనిచేస్తాయో చూద్దాం.

యాప్‌లు: మెడిసేఫ్ ఉంది. ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 16 (2022) నుంచి హెల్త్ యాప్‌లోనే మందుల లిస్ట్ వచ్చింది. "వేసుకున్నాను" అని నొక్కితే టైమ్‌తో సహా రికార్డవుతుంది. ఆండ్రాయిడ్‌లో మాత్రం బ్యాటరీ సేవర్ యాప్‌ని ఆపేస్తే అలారమే రాకపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి.

స్మార్ట్ డబ్బాలు: మూతలో చిన్న అయస్కాంతం, డబ్బాలో సెన్సర్. మూత తెరవగానే టైమ్ నోట్ చేసుకుని వైఫై లేదా సిమ్ ద్వారా ఇంట్లోవాళ్లకి పంపుతుంది. లైట్ ఆరిపోతే ఈ పూట డబ్బా తెరిచినట్టే. ఒక్క చిక్కు ఏంటంటే, మూత తెరిచారని దానికి తెలుసు, మింగారని తెలీదు.

ఖరీదైన గ్యాడ్జెట్ లేకుండా: నాకు బాగా నచ్చింది 99డాట్స్. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో టీబీ రోగుల కోసం తయారైంది. మాత్రల స్ట్రిప్‌కి అట్ట కవర్ ఉంటుంది. మాత్ర నొక్కి తీస్తేనే వెనక దాగిన ఫోన్ నంబర్ బయటపడుతుంది. దానికి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, ఆరోగ్య సిబ్బందికి తెలిసిపోతుంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఇక్కడా మాత్ర తీసినట్టు తెలుస్తుంది గానీ, మింగినట్టు కాదు. ఆ చివరి మెట్టు కోసం సెన్సర్ ఉన్న మాత్రకే అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. కానీ ఆ సెన్సర్ చేసిన ప్రోటియస్ కంపెనీ 2020లో దివాలా తీసింది. టెక్నాలజీ ఎంత గొప్పదైనా సరిపోదన్నమాట.

కొనేముందు ఇవి చూడండి:
- నెట్, కరెంట్ పోయినా అలారం మోగాలి, రికార్డు పోకూడదు.
- చాలా డబ్బాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కనెక్ట్ అవుతాయి. మీ రూటర్‌లో అది ఆన్‌లో ఉందా?
- ఒకసారి తీశాక అలారం మళ్లీ మోగకూడదు.
- పెద్దవాళ్లు ఫోన్ ముట్టుకోకుండానే "ఈ పూట అయిపోయింది" అని తెలియాలి.
- మందుల వివరాలు ఎవరికి వెళ్తున్నాయో ప్రైవసీ సెట్టింగ్స్‌లో చూడండి.

మరి మా ఇంట్లో? వారం రోజుల గళ్ల డబ్బా, ఫోన్‌లో ఒకే అలారం. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. పొద్దున అమ్మ ఆ ఖాళీ గడి ఫొటో వాట్సాప్‌లో పంపుతుంది. ఫొటో రాకపోతే నేను ఫోన్ చేస్తాను. కొన్ని మాత్రలు స్ట్రిప్ నుంచి తీసి ఉంచకూడదు, మెడికల్ షాపులో ఫార్మసిస్ట్‌ని అడిగాకే గళ్లలో వేయండి.

స్మార్ట్ డబ్బా కొన్నా కొనకపోయినా ఒక్క మాట: అనుమానం వస్తే ఇంకో మాత్ర వేసుకోవద్దు. ముందు స్ట్రిప్ లెక్కపెట్టండి, తర్వాత డాక్టర్‌ని అడగండి.