పంపుహౌసులోని పి.ఎల్.సి.: దాని సంబంధములను కాపాడుకొనుట ఎట్లు?

శ్రీశైలమునుండి గాలేరు–నగరి మార్గమున వచ్చు కృష్ణాజలము జమ్మలమడుగు సమీపమున గల గండికోట జలాశయమును చేరుచున్నది. దాని నిలువ సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. అచ్చటినుండి ఆ నీటిని అంచెలంచెలుగా పంపులతో ఎత్తి, పులివెందుల వైపున గల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరునకు చేర్చుదురు. ఇట్టి ఎత్తిపోతలలో ఒక చిక్కు కలదు. పై అంచె పంపులు ఆగి, క్రింది అంచె పంపులు నడచుచునేయున్నచో నడుమ నీరు పొర్లిపోవును. క్రిందివి ఆగి పైవి నడచినచో, అవి నీరులేక తిరిగి చెడిపోవును. కావున ఒక పంపుహౌసు స్థితి మరియొక పంపుహౌసునకు ఎప్పటికప్పుడు తెలియుచుండవలెను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములలోని మంచినీటి పథకములకును ఇదియే వర్తించును. సంపు ఒకచోట, ఓవర్‌హెడ్ ట్యాంకు వేరొకచోట ఉండును. ట్యాంకు నిండినదని కబురు తెచ్చు పని వాచ్‌మనుది. ఆ పనిని యంత్రమునకు అప్పగించినచోట ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలరు అను చిన్న పెట్టె ఉండును. దీనినే పి.ఎల్.సి. అందురు. 1968–69 ప్రాంతమున అమెరికాలోని మోటారుకార్ల కర్మాగారముల కొరకు ఇది రూపొందినది. నీటిమట్టము, కరెంటు, వాల్వుల స్థితి గమనించి, మోటారును ఎప్పుడు నడపవలెనో, ఎప్పుడు ఆపవలెనో ఇది నిర్ణయించును.

పెట్టె ఎంత మంచిదైనను, వార్త అందనిచో అది గ్రుడ్డిదే. ట్యాంకులో నీరు సగమున్నదని చివరి వార్త వచ్చిన పిమ్మట తీగ తెగినదనుకొందము. పి.ఎల్.సి. ఆ పాత అంకెనే నమ్మి, మోటారును గంటల తరబడి నడిపించును. నిండినదని చెప్పి తెగినచో మోటారు కదలనే కదలదు. ఎండకాలమున ఊరంతయు బిందెలతో వీధిన పడును. దీనికి విరుగుడుగా ట్యాంకు వద్ద పరికరము క్షణక్షణమును మారు ఒక అంకెను గూడ పంపుచుండవలెను. ఆ అంకె కొంతసేపు మారనిచో, వార్త చచ్చినదని గ్రహించి పి.ఎల్.సి. మోటారును ఆపి, గంట మ్రోగించునట్లు ముందే ఏర్పాటు చేయించవలెను. ఆ పిమ్మట వాచ్‌మను చేతితో నడుపుకొనును.

ఇక సంబంధముల సంఖ్య. పంపుహౌసు తెర, పై కార్యాలయపు కంప్యూటరు, ఇంజనీరు లాప్‌టాపు, పొరుగు పి.ఎల్.సి. – ఇవన్నియు దీనితో మాటలాడును. కాని చిన్న పెట్టెలలో పంక్తికి ఎనిమిదో పదహారో విస్తళ్ళు మాత్రమే. లాప్‌టాపును మర్యాదగా ముగింపక తీగ ఊడబెరికి పోయినవాడు, చెప్పకుండ లేచిపోయిన అతిథివంటివాడు. అతని విస్తరి అట్లే యుండును. క్రొత్తవానికి చోటు దొరకదు. పలుకని సంబంధమును గడువు చూచి తెంచు ఏర్పాటు పి.ఎల్.సి.లలో ఉండును. అది పనిచేయుచున్నదా అని కంట్రాక్టరు నడుగుడు.

తీగలదొక కథ. ఆర్.ఎస్.-485 అను జంట తీగ సుమారు 1200 మీటర్ల వరకు వార్తను మోయును. రెండు కొసలను 120 ఓముల నిరోధకము కావలెను. మోటారు కేబులుతో కలిపి ఒకే గొట్టములో లాగినచో వార్త చెడును. రెండు పరికరములకు ఒకే నెంబరిచ్చినచో, ఒకే ఇంటినెంబరుగల రెండిండ్లవారు ఒక్కసారిగా పలికినట్లగును. సిమ్ కార్డుతో నడచు చోట్ల మరింత జాగ్రత్త. ఆ సిమ్ ఎవరి పేరనున్నది? రీచార్జి ఎవరిది? పథకములు మూగవోవుటకు తరచు యంత్రదోషముకంటె ఈ చిల్లర సంగతే కారణమగుచుండును.

పరాయివారి చేతికి సంబంధము చిక్కుట వేరొక ప్రమాదము. 1979లో వెలువడి నేటికిని విస్తారముగా వాడబడుచున్న మోడ్‌బస్ పద్ధతిలో, అడిగినవాడెవడని విచారించు ఏర్పాటు లేదు. 2000 సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతమున, కంట్రాక్టు సంస్థనుండి తొలగిన ఒక ఉద్యోగి రేడియో సంబంధముద్వారా మురుగునీటి పంపులను పట్టుకొని, సుమారు 8 లక్షల లీటర్ల మురుగును పార్కులపైకి, నదులలోనికి వదలెను. 2023 నవంబరులో అమెరికాలోని ఆలిక్విప్పా నీటి సంస్థవారి ఒక పి.ఎల్.సి. పరుల పాలు కాగా, సిబ్బంది చేతితో పంపులు నడుపుకొనిరి.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీల విషయముగా చేర్చబడినది. కనుక పథకమును స్వాధీనము చేసికొనునపుడు సభ్యులు పైపులను, మోటార్లను లెక్కించుటతో ఆగరాదు. పి.ఎల్.సి.తో సంబంధముగల ప్రతి పరికరపు పట్టికను, ప్రోగ్రాము నకలును, సిమ్ నెంబరును వ్రాతపూర్వకముగా పుచ్చుకొనవలెను. వాచ్‌మను ఎదుట వార్తా తీగను తీయించి, మోటారు ఆగుచున్నదో లేదో కన్నులార చూడవలెను. కంట్రాక్టరు గడువు ముగిసిననాడే సంకేతపదములను మార్పించి, క్రొత్తవాటిని లక్కవేసిన కవరులో పంచాయతీ కార్యాలయపు బీరువాలో ఉంచవలెను.