కొండదారిలో పగిలిన మానిఫోల్డ్

వంటలూ, వ్రతాలూ, పిల్లల కథలూ ఉండే మన త్రైమాసిక పత్రికలో బండి మరమ్మతు మీద వ్యాసమేమిటని సోదరీమణులు పేజీ తిప్పేయవద్దని మనవి. నేను చెప్పబోయే పగులును అందరికంటే ముందు పసిగట్టినది మా ఆవిడే. పైగా ఇది పైకి ఇనుము సంగతిలా కనిపించినా, లోపల మన పిల్లల ఊపిరి సంగతి.

మేముండేది రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులోని టికిరిలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా కోరాపుట్, రాయగడ ప్రాంతాలు పాత విశాఖపట్నం జిల్లాలోనివే. అందుకే రాయగడ బజారులో సగం బేరాలు ఇప్పటికీ తెలుగులోనే సాగుతాయి. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయి రాయగడ వేరే జిల్లా అయింది. 1990 దశకంలో కోరాపుట్ - రాయగడ రైలుమార్గం పూర్తయ్యాక మా ఊరికి రైలు వచ్చింది. ఆ తరువాత దొరగుడ దగ్గర అల్యూమినా కర్మాగారం వచ్చి, రోడ్డు మీద బరువు బళ్ళ రద్దీ పెరిగింది. మాది చిన్న కిరాణా కొట్టు. రాయగడ నుంచి సరుకు తెచ్చేదీ, పండక్కి పార్వతీపురం తీసుకువెళ్ళేదీ మా పాత టర్బో డీజిల్ జీపే.

టర్బో అనగానే మన కుర్రకారుకు స్పోర్ట్స్ కార్లు గుర్తొస్తాయి. స్విట్జర్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషి అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ కార్లలో ఇది అమ్మకానికి వచ్చింది. 1975 నుంచి పోర్షా 911 టర్బో దీనికి పెద్ద పేరు తెచ్చింది. సూత్రం మాత్రం ఆ కారుకూ మా జీపుకూ ఒక్కటే. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానితో ఒకే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. ఇవి నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలవు. మా కొండప్రాంతానికి ఇది వరమే. 900 మీటర్ల ఎత్తున గాలి, సముద్రతీరంలో కంటే ఎనిమిది తొమ్మిది శాతం పలచగా ఉంటుంది. ఆ లోటును టర్బో పూడుస్తుంది.

సిలిండర్ల నుంచి వచ్చే పొగనంతటినీ ఒకచోట చేర్చి టర్బోకు అందించే బీడు గొట్టాల గుత్తినే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటారు. చాలా బళ్ళలో టర్బో బరువు మోసేదీ అదే. ఘాటు ఎక్కుతున్నప్పుడు డీజిల్ ఇంజను పొగ వేడి 600, 700 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరుతుంది. పెట్రోలు స్పోర్ట్స్ కారులో 900 దాటడం మామూలే. అర మీటరు పొడవున్న బీడు 600 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అది బిగించి ఉన్న ఇంజను హెడ్డు లోపల నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉండి, మిల్లీమీటరు కూడా సాగదు. ఒకటి సాగుతానంటుంది, ఒకటి కదలనంటుంది. ఎక్కేటప్పుడు ఎర్రగా కాగి, దిగేటప్పుడు చల్లబడి, ఏళ్ళ తరబడి ఈ పెనుగులాట సాగాక గొట్టాలు కలిసే మూలలో వెంట్రుకంత గీత పడుతుంది. పగులు అలా పుడుతుంది.

మా ఇంట్లో దాని మొదటి లక్షణం తలనొప్పి. ఘాటు మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పడం, వాంతులు కావడం కొత్తేమీ కాదు. అయితే ఒకనాడు మా ఆవిడ ఒక మాటంది: "ఏమండీ, కిటికీలు తెరిచి వెళ్ళినరోజు పిల్లలు బాగానే ఉంటున్నారు. వానకి అద్దాలు ఎత్తినరోజే తలనొప్పంటున్నారు. మలుపులు రెండు రోజులూ అవే కదా!" దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడే జీపును రాయగడలో మాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను.

మేస్త్రిది పార్వతీపురం వైపు. చేతికింద కుర్రాడితో దేశియాలో మాట్లాడతాడు, నాతో తెలుగులో. "ఇంజను సల్లారనివ్వండి బాబూ, సల్లటి ఇంజనే నిజం సెప్తాది," అన్నాడు. రాత్రంతా ఉంచి పొద్దున్నే స్టార్టు చేస్తే "టిక్ టిక్" మని చప్పుడు. ఇంజను వేడెక్కేసరికి చప్పుడు తగ్గిపోయింది. బీడు సాగి పగులు మూసుకుంటుందన్నమాట. అతను రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ వెంట జరుపుతూ వెళ్ళాడు. ఒకచోట ఆగి టార్చి వేసి చూపించాడు. నల్లటి మసి చార, దాని మధ్య సన్నని గీత. పొగ టర్బోకు చేరకముందే అక్కడ కారిపోతోంది. ఎత్తు మీద బండి లాగకపోవడానికీ, నల్లపొగ వదలడానికీ కారణం అదే.

ఆ కారిన పొగ బానెట్ కింద నుంచి సందుల గుండా లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు దాని గుర్తులు. డీజిల్ పొగలో ఇది పెట్రోలు పొగలో కంటే చాలా తక్కువ. అయినా మూసిన బండిలో గంటల తరబడి డీజిల్ పొగ పీల్చడం ఎవరికీ క్షేమం కాదు. పెట్రోలు కారైతే ప్రాణాపాయమే.

ఇక్కడే చిక్కు వచ్చింది. నాలుగు రోజుల్లో పార్వతీపురంలో మేనకోడలి పెళ్ళి. కొత్త మానిఫోల్డ్ విశాఖ నుంచి రావాలి. వెల్డింగు చేయించవచ్చు కదా అన్నాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "అతుకెడితే రేప్పొద్దుటికి బండి ఇచ్చేత్తాను బాబూ. కానీ అతుకు పక్కనే మళ్ళీ పగుల్తాది. ఆ ముక్క ఊడి టర్బోలో పడిందంటే మానిఫోల్డు కాదు, టర్బో కూడా కొనాలి. లోపల పిల్లలుంతారు గదా!"

బీడును అతకడం అసాధ్యమేమీ కాదు. ముందుగా బాగా కాచి, నికెల్ కడ్డీతో అతికి, బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చాలి. కానీ టర్బోను మోసే చోట ఆ అతుకును నమ్మలేం. ఆ పూట కొట్టులో లెక్క చూసుకున్నాను. పెళ్ళి ఖర్చు ముందుంది, సరుకు తేవడానికి అద్దె బండి పెట్టుకోవాలి. అయినా మేస్త్రి మాటే ఖాయం చేశాను. పెళ్ళికి అమ్మనూ పిల్లలనూ టికిరిలో రైలెక్కించి, రాయగడలో బండి మారి వెళ్ళాం. విశాఖలో ఉన్న మా బావమరిది కొత్త మానిఫోల్డ్, ప్యాకింగులు, స్టడ్లు, నట్లు కొని పెళ్ళికి తానే మోసుకొచ్చాడు. వియ్యంకుల సారె పక్కన మా బీడు గొట్టం చూసి అందరూ నవ్వారు.

పనంతా నేను దగ్గరుండి చూశాను. ముందు బ్యాటరీ తీగ విప్పాడు. తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాడు. టర్బో నూనె గొట్టాలు విప్పిన వెంటనే వాటి మూతుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కాడు. ఒక్క ఇసుక రేణువు చాలు, టర్బో బేరింగు పాడవడానికి. ఒక స్టడ్డు హెడ్డులోనే విరిగింది. దాని మీద నట్టు వెల్డు చేసి, ఆ వేడికి పట్టు సడలాక పానాతో మెల్లగా తిప్పి తీశాడు. హెడ్డు ముఖం మీద ఉక్కు బద్ద నిలిపి వంపు లేదని చూశాడు. కొత్త ప్యాకింగు పెట్టి, నట్లను మధ్య నుంచి అంచులకు, మూడు విడతలుగా, పుస్తకంలోని లెక్క ప్రకారం టార్క్ రెంచితో బిగించాడు. స్టార్టు చేసేముందు టర్బోలో మంచి నూనె పోశాడు. ఇంజనును కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి, అతుకుల దగ్గర మళ్ళీ రబ్బరు గొట్టం పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. ఆ తరువాత వారం కురిసిన వానలో అద్దాలు ఎత్తుకునే రాయగడ వెళ్ళొచ్చాం. పిల్లలు దారంతా అంత్యాక్షరి ఆడారు.

మీ ఇంట్లో ఉన్నది జీపైనా, స్పోర్ట్స్ కారైనా, పొద్దున చల్లటి ఇంజనులో టిక్ టిక్ వినబడినా, లోపల పొగ వాసన వచ్చినా, అద్దాలు ఎత్తినప్పుడే తలనొప్పి వస్తున్నా వాయిదా వేయకండి. అద్దాలు దించి, పిల్లలను దింపి, తెలిసిన మేస్త్రికి చూపించండి. ఘాటు దిగగానే మరుగుతున్న ఇంజను మీద నీళ్ళు చల్లే అలవాటుంటే మానండి. వేడి బీడుకు చన్నీళ్ళు పడవు. కొండ ఎక్కి ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. ఇంట్లో ఎవరైనా "ఈ బండిలో నాకు తల తిరుగుతోంది" అంటే మలుపుల మీదికి నెట్టకుండా, ఒక్కసారి బానెట్ ఎత్తి చూడండి.