మామయ్య బుల్లెట్టు మీద నా తొలి సవారీ

తెర మీద హీరోగారు మోటారుసైకిలెక్కితే ఒక్క కిక్కు... అంతే! బండి కదులుతుంది, పాట మొదలవుతుంది. "షోలే" (1975)లో అమితాబ్, ధర్మేంద్ర పక్కబండి తగిలించుకుని పాడుకుంటూ పోతుంటే ఆ బండి ఒక్కసారైనా మొరాయించిందా? "ఆర్.ఆర్.ఆర్." (2022)లో వంతెన దగ్గర ఎన్.టి.ఆర్. దూకుడికి ఆ పాతకాలపు బండి ఎదురు చెప్పిందా? లేదు కదా!

నేను పదకొండు కిక్కులు కొట్టాను. పన్నెండోసారి బండే నన్ను కొట్టింది!

ఈ జనవరిలో, నందిగాంలో మెకానిక్ షెడ్డు ముందు జరిగిన ముచ్చట ఇది. బండి 1986 నాటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. సొంతదారు మా మామయ్య. ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లో ఆయన ఊరు. వయసులో ఉండగా ఆ బండి మీద అటు గోపాల్‌పూర్, ఇటు అరకు చుట్టి వచ్చిన మనిషి. "బాబీ" (1973) చూసి వచ్చిన కుర్రకారు ఆ సినిమాలో రిషికపూర్ నడిపిన చిన్న రాజ్‌దూత్ కోసం వెర్రెత్తిపోయారట. జనం దానికి "బాబీ బండి" అనే పేరు పెట్టేశారు. మామయ్య మాత్రం "అది బొమ్మరా, బండంటే బుల్లెట్టే" అనేవాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడింది. కొబ్బరిచెట్లు వరసలకు వరసలే నేలకొరిగాయి. అందులో ఒకటి మామయ్యగారి పశువులశాల మీద పడింది. శాలలో ఉన్నది బుల్లెట్టు! టాంకు సొట్టపోయింది, హాండిల్ వంగింది. బాగు చేయిద్దామనుకునేలోగా మామయ్యకి కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఆ జబ్బు లేని ఊరు వెదకడం కష్టం. ఎన్ని పరిశోధనలు జరిగినా ఫలానా కారణమని ఇంతవరకూ తేలలేదు. బండి సంగతి అంతటితో మూలపడింది.

కిందటేడు నేనే అడిగాను. "ఇనప సామాన్లోడికి ఏస్తాననుకున్నాను. నీకెందుకురా?" అన్నాడు. ఊరికే వద్దని డబ్బు చేతిలో పెట్టి, బండిని వ్యానులో నందిగాం తెచ్చుకున్నాను. బాగు చేయించడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇక కిక్కు సంగతికొద్దాం. బుల్లెట్టును బలంతో కొడితే లాభం లేదండీ. మెకానిక్ బాబాయి నవ్వుతూ పాఠం చెప్పాడు. హెడ్‌లైటు పైన చిన్న ఆంమీటరు ఉంటుంది. కిక్కును మెల్లగా తొక్కుతూ అందులో ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్కును మరి కాస్త కిందికి దించి, మీట వదలాలి. ఆ తరవాత కొట్టాలి నిండు కిక్కు. చెప్పినట్టే చేశాను. డుగ్... డుగ్... డుగ్... మొదటి దెబ్బకే!

బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. 1955లో మద్రాసు మెట్టింటికొచ్చింది. 1970 ప్రాంతంలో పుట్టింటివారు దుకాణం కట్టేశారు గాని మెట్టింట్లో కాపురం నిక్షేపంగా సాగింది. 346 సి.సి., ఒకే ఒక్క సిలిండరు, 18 గుర్రాల బలం. ఇవాళ్టి బళ్ల ముందు ఈ లెక్క చిన్నదే. కాని గంటకు 50 దాటాక చూడాలి! హడావిడి లేదు. ఏనుగు నడిచినట్టు నడుస్తుంది. ఒకప్పటి 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఎడమ చేతి వైపు కొండల వరస తోడు వస్తుంటే నేనే హీరోననుకున్నాను.

కాశీబుగ్గ దగ్గరలో ఒక మేక ఆ భ్రమ తీర్చేసింది.

పాత బుల్లెట్టుకి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఇప్పటి బళ్లకు పూర్తిగా తిరగేసి! మేక అడ్డం రాగానే అలవాటు కొద్దీ నా కుడికాలు గట్టిగా నొక్కింది. బండి ఆగలేదు సరికదా, పై గేరులో పడింది! ముందు బ్రేకు పిండి, ఎడమకాలు గుర్తు తెచ్చుకుని తొక్కేసరికి మేకకూ నాకూ మధ్య జానెడు దూరం. సినిమాలో అయితే అక్కడ "కట్" అంటారు. రోడ్డు మీద ఎవరంటారు? తమ్ముళ్లూ, పాత బండి కొంటే ముందు ఖాళీ మైదానంలో వారం రోజులు కాళ్లకు చదువు చెప్పండి. రోడ్డు తరవాత.

పలాస దాటి సముద్రం వైపు తిరిగాక ఇరవై అయిదుకు మించి పోలేదు. జీడితోటలు పూత మీద ఉన్నాయి. తుపాను తరవాత నాటిన కొబ్బరిమొక్కలు మనిషెత్తు దాటాయి.

మామయ్య శబ్దం విని వాకిట్లోకొచ్చాడు. బండిని చూడలేదు, చెవి ఒగ్గి విన్నాడు. "టాపెట్ కొట్టుకుంటంది. ఆపు!" అన్నాడు.

బండి చల్లారే దాకా నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. తను తాగలేదు. అందులో పొటాషియం ఎక్కువట, డయాలసిస్ చేయించుకునేవాళ్లకు పనికిరాదు. చుట్టూ కొబ్బరితోట, ఆయనకి మాత్రం చిన్న గ్లాసుతో కొలిచిన మంచినీళ్లు. నాకు బొండం గొంతు దిగలేదు. "తాగరా, నువ్వు తాగితే నానూ తాగినట్టే" అన్నాడు.

తరవాత ఇద్దరం బండి పక్కన కూర్చున్నాం. డయాలసిస్ సూది గుచ్చే ఎడమచేతితో ఆయన బరువు పని చేయకూడదు. అందుకని స్పానర్లు నావి, వేలు ఆయనది! పుష్‌రాడ్ మీద వేలు పెట్టి, "ఇది వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాల. పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఇంకొంచెం... ఇంకొంచెం... సాలు!" అన్నాడు. స్టార్టు చేస్తే టకటక పోయింది, డుగ్ డుగ్ మిగిలింది.

వెనక సీటు మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి ఆయన వెళ్లేది ఆటోలోనే.

"రేపు నాకు డయాలసిస్. ఆటోవాడికి ఫోను సెయ్యకు" అన్నాడు.

"అది అయ్యాక నీరసంగా ఉంటుంది కదా మామయ్యా, బండి మీద కూర్చోగలవా?"

"వచ్చినప్పుడు ఆటోలో వత్తాను. ఎల్లినప్పుడు మాత్రం దీని మీదే ఎల్తాను!"

ఆ రాత్రి వాకిట్లో బండి ఆపి, వెన్నెల్లో చాలాసేపు కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు అంటూ వల్లె వేసుకున్నాను. మర్నాడు వెనక సీటు ఖాళీగా ఉండదు మరి!