ఉచితముగా బంచిన వంటపుస్తకములు

మిషను బంగళాలో బహుకాలము నివసించిన యొక దొరసానిగారు స్వదేశమునకు మరలునపుడు విడిచిపోయిన కొయ్యపెట్టెలో మాకు పదునేడు చిన్న పుస్తకములు దొరకినవి. అట్టలమీద రొట్టెలును, రంగురంగుల తీపివంటకములును చిత్రింపబడియున్నవి. చదివినకొలది ప్రతి వంటకములోను ఒకే సరకు పేరు కానవచ్చెను. ఇవి వర్తకులు తమ సరకు నమ్ముకొనుటకై యచ్చొత్తించినవని యప్పుడు గ్రహించితిమి. నాటినుండి యిట్టివానిని సేకరించుచున్నాము.

పొట్లములలో నమ్మెడి సరకులు క్రొత్తగా వచ్చిన కాలమున వానిని వాడు విధము గృహిణులకు దెలియదు. గనుక వర్తకుడే బోధకుడయ్యెను. అమెరికాలోని లెరాయ్ గ్రామమున 1897లో పుట్టిన జెల్లో యను పొడి హక్కులు 1899లో 450 డాలర్లకే చేతులు మారినవి. పిమ్మట దాని యమ్మకమునకు ఇంటింట బంచిన పుస్తకములు మిక్కిలి తోడ్పడెను. న్యూజీలాండులో ఎడ్మండ్సు బేకింగ్ పౌడరు వారు 1908లో ప్రకటించిన వంటపుస్తకము ఆ దేశమున నింటింటి పుస్తకమైపోయినది.

వీనిలో మాకు ముచ్చటైనది రాయల్ బేకింగ్ పౌడరు వారు 1917లో, మొదటి ప్రపంచ యుద్ధకాలమున, వెలువరించిన చిన్న పుస్తకము. గ్రుడ్లు పొదుపు చేయుటకు 55 మార్గములని దాని పేరు. మానివేసిన ప్రతి గ్రుడ్డునకు బదులుగా నొక చెంచాడు పౌడరు అధికముగా వేయుడని యా వర్తకుల సలహా. ఇది వట్టి మాయ కాదు. బేకింగ్ పౌడరులో సోడాయు, ఒక పులుపు లవణమును కలిసియుండును. తడి తగిలినంతనే యవి బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ బుడగలచేత పిండి పొంగును. కేకు గుల్లగా నగుటకు గ్రుడ్డు చేయు పనిలో గొంత ఈ వాయువు చేయగలదు. కాని గ్రుడ్డు పిండిని బంధించును, పుష్టినిచ్చును. ఆ రెండును పౌడరువలన గావు. మేమొకసారి యీ విధముననే కేకు చేసి చూచితిమి. వేడిగా దిన్నపుడు బాగుండెను. మరునాటికి పొడిపొడియై రాలిపోయెను. గ్రుడ్ల వ్యయము తగ్గినమాట నిజమే. పౌడరు డబ్బా త్వరగా నయిపోయినమాటయు నిజమే!

అన్ని సలహాలు నింత నిరపాయకరములు గావు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ వారు 1911లో ప్రత్తిగింజల నూనెకు హైడ్రోజను చేర్చి గట్టిపరచి, క్రిస్కో యను పేర నమ్మిరి. 1913లో మేరియన్ హారిస్ నీల్ రచించిన 615 వంటకముల పుస్తకమును వెలువరించి, వెన్నకు బదులు దీనిని వాడుట మితవ్యయమని బోధించిరి. తల్లులు నమ్మిరి, నమ్మకుండుటకు వారికి హేతువును లేదు. ఇట్లు పాక్షికముగా గట్టిపరచిన నూనెలలో ట్రాన్సు క్రొవ్వులుండుననియు, అవి గుండెకు హానికరములనియు చాల కాలమునకు గాని తేలలేదు. మన యిండ్లలోని వనస్పతియు నీ జాతిదే. అమెరికా ప్రభుత్వమువారు 2015లో నట్టి నూనెలు సురక్షితములు గావని నిర్ణయించిరి. మన దేశమున 2022నుండి నూనెలలోను క్రొవ్వులలోను ట్రాన్సు క్రొవ్వు నూటికి 2 పాళ్లకు మించరాదు.

సేకరింపగోరు విద్యార్థులకు రెండు మాటలు. అనేక పుస్తకములపై సంవత్సర ముండదు. పొయ్యి వేడిని డిగ్రీలలో జెప్పక, మందమనియు తీవ్రమనియు జెప్పినచో నది ప్రాతకాలపు దగుట సంభవము. బొమ్మలో విద్యుత్తు మంచుపెట్టె యున్నచో తరువాతిది. త్రుప్పుపట్టిన తీగలను మెల్లగా దీసివేసి, నూలుదారముతో గుట్టుడు. ఎండ తగులనీయకుడు. నూనెమరకలను మాత్రము తుడువ యత్నింపకుడు. ఏ పుటలో మరక లధికమో, ఆ వంటకమే యా యింట దరచుగా వండిరి.

దొరసానిగారి పుస్తకములలో నొకదాని యంచున పెన్సిలుతో, చక్కెర సగము చాలునని వ్రాయబడియున్నది. మరియొక పుటలో సరకు పేరు గొట్టివేసి, పైన నెయ్యి యని తెలుగులో వ్రాసిరి. అది దొరసానిగారి చేవ్రాలు గాదు, వంటమనిషిది కావలెను.