హాంబర్గు నగరమున బీటిల్సు బృందము

ఇంగ్లండులోని లివర్పూలు పట్టణమున పుట్టిన బీటిల్సు అను గాయకబృందము పేరు మన విద్యార్థులలో ననేకులు వినియుందురు. వారి తలిదండ్రులును వినియుందురు. కొందఱు విసిగియు నుందురు. అయితే ఆ బృందము లోకప్రఖ్యాతి నొందకముందు, 1960 మొదలు 1962 సంవత్సరాంతము వఱకు, జర్మనీ దేశమందలి హాంబర్గు నగరమునకు ఐదుమారులు పోయి, అచటి రాత్రి క్లబ్బులలో దినకూలికి పాడినదని యెఱిగినవారు తక్కువ. ఆ కాలమును గూర్చి కొంత వివరించెదను.

హాంబర్గు ఎల్బె నదిపై నున్న గొప్ప రేవు. ఓడలు దిగిన నావికులు విందులకును వినోదములకును పోవు పేట పేరు సాంక్ట్ పౌలి. అందు గ్రోసె ఫ్రైహైట్ అను వీధి కలదు. దాని యర్థము “మహాస్వాతంత్ర్యము”. ఇది క్లబ్బుల వలన వచ్చిన పేరు గాదు. పూర్వము కథోలికులు స్వేచ్ఛగా ఆరాధన చేసికొనుటకును, వృత్తిసంఘములలో చేరని పనివారలు తమ పనులు సాగించుకొనుటకును ఆ తావున అనుమతి లభించినందున అట్టి పేరు కలిగెను. నేటికిని ఆ వీధిలో సెయింట్ జోసెఫ్ దేవాలయ మున్నది. దాని చుట్టును వెలసిన క్లబ్బులలోనే మన కథ నడచినది.

1960 ఆగష్టు 17వ తేదీన ఐదుగురు పడుచువాండ్రు ఒక వ్యానులో నచటికి చేరిరి. జాన్ లెనన్‌కు 19 ఏండ్లు, స్టువర్టు సట్‌క్లిఫ్‌కు 20. వీరిరువురును చిత్రకళాశాలలో చదివినవారు. పాల్ మెకార్ట్నీకిని, డ్రమ్ములు వాయించు పీట్ బెస్టుకును 18. జార్జి హారిసన్‌కు 17 మాత్రమే. అతడు బడి మాని ఎలక్ట్రీషియను పని నేర్చుకొనుచుండెను. పాల్ అప్పుడే పాఠశాల ముగించి, ఉపాధ్యాయ శిక్షణకు పోవలయునా యని యాలోచించుచుండినవాడు. మా వృత్తికి ఒక మంచి గొంతు తప్పిపోయినదని నేనప్పుడప్పుడు తలంచుచుందును. అతని తండ్రి ఈ ప్రయాణమునకు తొలుత ఒప్పుకొనలేదు. ఆ తండ్రి వెనుకాడుట తప్పని నేననజాలను.

క్లబ్బు యజమానుడు బ్రూనో కోష్మీడర్ వారికి చూపిన బస బాంబి అను సినిమాశాలలో తెర వెనుకనున్న చీకటి గదులు. కిటికీలు లేవు, ప్రేక్షకుల మరుగుదొడ్డి ప్రక్కనే యుండెను. ముఖము కడుగుకొనుటకును ఆ నీరే గతి. తలకు దినమునకు 30 మార్కులు కూలి. రేవు దగ్గర బ్రిటిషు నావికులకై నడచుచుండిన మిషనులో తమకలవాటైన భోజనము చౌకగా దొరకుటచే వారు తఱచుగా నచటికి పోవుచుండిరి.

ఇక పని సంగతి. మొదట వారు పాడినది ఇంద్రా అను చిన్న క్లబ్బులో, 48 రాత్రులు. మామూలు దినములలో నాలుగున్నర గంటలు, శనివారములలో ఆరు గంటలు పాడవలసి యుండెను. లెక్కించి చూచినచో ఆ 48 రాత్రులలోనే 216 గంటలకు తక్కువ గాదు. ఇరుగుపొరుగువారు చప్పుడు భరింపలేమని మొఱపెట్టుకొనగా, అక్టోబరు 4వ తేదీన వారిని కైజర్కెల్లర్ అను పెద్ద క్లబ్బునకు మార్చిరి.

ఇంత దీర్ఘకాలము పాడుటలో కష్టము గొంతుకు మాత్రమే కాదు. స్వపట్టణమున ఒక గంట పాడుటకు వలయునన్ని పాటలు వారికి వచ్చును. ఇచటనో అవి మొదటి జామునకే యైపోవును. చెప్పినదే మరల చెప్పిన యెడల వినువారు లేచి పోవుదురు. కావున అమెరికా రికార్డులలో పేరుగాంచిన పాటలనే గాక, వెనుకవైపున నెవరును పట్టించుకొనని పాటలను సయితము నేర్చిరి. నాటకపు పాటలు, నెమ్మదియైన ప్రేమగీతములు కూడ చేర్చుకొనిరి. రే చార్లెసు పాట నొకదానిని ఎంతసేపైన సాగదీసి పాడుట నలవరచుకొనిరి. శ్రోతలలో పలువురకు ఇంగ్లీషు రాదు. మాటలతో వారిని పట్టి యుంచుట సాధ్యము గాదు; తాళముతోను, ముఖముతోను, కాళ్లతోను పట్టి యుంచవలయును. యజమానుడు “మాఖ్ షౌ” అని కేకలు వేయుచుండెను. ఊరక నిలువక ఏదైన చేసి చూపుడని భావము.

దీని కైన వెలను మఱుగుపఱుపరాదు. నిద్ర నాపుకొనుటకు వారు ప్రెలూడిన్ అను మాత్రలు మ్రింగ నలవాటుపడిరి. బాలుర కది తగిన తావు గాదు. చట్టమును అట్లే పలికెను. పదునెనిమిదేండ్లు నిండలేదని కనుగొని నవంబరు 21న జార్జిని దేశము వెడలించిరి. కొలది దినములకే, బసలో నిప్పంటించిరను నేరముపై పాల్‌ను పీట్‌ను నిర్బంధించి పంపివేసిరి. స్టువర్టు హాంబర్గులోనే నిలిచి చిత్రకళ నభ్యసించుచు, 1962 ఏప్రిలు 10వ తేదీన మెదడులో రక్తస్రావమై 21 ఏండ్లకే మరణించెను. ఈ రాత్రులన్నిటిలో డ్రమ్ములు మ్రోగించిన పీట్‌ను 1962 ఆగష్టులో తొలగించి, రింగో స్టార్‌ను చేర్చుకొనిరి. ప్రఖ్యాతి వచ్చునప్పటి కతడు వెలుపల నుండెను.

2008లో మాల్కం గ్లాడ్వెల్ అను రచయిత, ఏ విద్యయందైన ప్రావీణ్యమునకు పదివేల గంటల సాధన వలయునని వ్రాయుచు, ఈ హాంబర్గు రాత్రులనే దృష్టాంతముగా చూపెను. ఈ లెక్క నాకంతగా రుచింపదు. ఏలయనగా కైజర్కెల్లర్లో అదే వేదికపై వంతులవారీగా రోరీ స్టార్మ్ బృందమును పాడుచుండెను. రింగో అప్పుడు ఆ బృందములోని వాడే. గంటలు వారికిని నడచినవి, బీటిల్సుకును నడచినవి. కాని ఆ గంటలలో క్రొత్త పాటలు వెదకుట, వానిని తమవిగా మలచుకొనుట గడియారము చేయు పని గాదు.

1960 డిసెంబరు 27న లివర్పూలు దగ్గరి లిథర్లండు సభామందిరమున వారు పాడినప్పుడు ప్రకటనలో “హాంబర్గు నుండి నేరుగా” అని యుండుటచే కొందఱు వారిని జర్మనులని తలంచిరట! మఱుసటి యేడు టాప్ టెన్ క్లబ్బులో మూడు నెలలు పాడిరి. 1962లో స్టార్ క్లబ్బునకు మూడుమారులు పోయిరి. కడపటి మారు డిసెంబరులో. అప్పటికే స్వదేశమున వారి తొలి రికార్డు వెలువడి యుండెను. వారికి పోవ నిష్టము లేకున్నను ఒప్పందమును మీఱక పోయి పాడిరి. ఆ రాత్రుల పాట నొకరు సామాన్యమైన టేపుయంత్రముతో పట్టగా, అది 1977లో రికార్డుగా వెలువడెను. ధ్వని మసకగా నుండును. వినువారి సందడి పాటతో కలిసి వినబడును. దాని యమ్మక మాపింపగోరి 1998లో వ్యాజ్యము నడపిరి. ఒకప్పుడు వయసు చాలదని హాంబర్గు నుండి వెడలింపబడిన జార్జియే లండను న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చెను. తీర్పు బీటిల్సు పక్షమున వచ్చినది.