వార్తల్లో పదం: కస్టమర్ డిస్కవరీ
సరుకు భారీగా తయారుచేసే ముందే, దాన్ని ఎవరు, ఎందుకు కొంటారో వాళ్లనే కలిసి తెలుసుకోవడం కస్టమర్ డిస్కవరీ. అమెరికా వ్యాపారవేత్త స్టీవ్ బ్లాంక్ 2005లో వెలువరించిన పుస్తకంతో ఈ పద్ధతి స్టార్టప్‌లకు పరిచయమైంది.

మన దగ్గర దీనికి మేడారాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ములుగు జిల్లాలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరలో భక్తులు నిలువెత్తు ‘బంగారం’, అంటే బెల్లం, సమర్పిస్తారు. వచ్చినవాళ్లకు బెల్లం అమ్మే దుకాణాలకు కొదవ లేదు. మరి రాలేనివాళ్లో? 2024 జాతరకు తెలంగాణ ఆర్టీసీ లాజిస్టిక్స్ విభాగం బుక్ చేసుకున్నవారి ఇంటికే ప్రసాదం చేర్చింది. అందరూ జనసందోహాన్ని చూస్తుంటే, ఇంట్లో ఉండిపోయిన కొనుగోలుదారు ఆ సేవకు దొరికాడు.

అయితే జాతర నాలుగు రోజులే. ఆ గిరాకీని చూసి ఏడాది పొడవునా అమ్ముడవుతుందనుకుని అప్పుచేసి యంత్రాలు కొంటే నష్టమే. అందుకే ముందు కొనేవాళ్లతో మాట్లాడాలి. కానీ ‘మా సరుకు కొంటారా?’ అని అడిగితే మొహమాటానికి అందరూ సరేనంటారు. ఇప్పుడు ఏం వాడుతున్నారు, ఎంత పెడుతున్నారు, ఇబ్బంది ఎక్కడ అని అడగండి. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ అడిగాకే ఉత్పత్తి పెంచండి.