కాలువగట్టు మీద సైకిలు ప్రయాణము

ఖరీఫునకు పూర్వము ఒకనాడు వరివిత్తన శుద్ధిని చూపుటకై నేనొక గ్రామమునకు పోయితిని. జాతీయ రహదారి మీదుగ పోయినచో ఆ యూరు తొమ్మిది కిలోమీటర్లు. వంశధార కాలువగట్టు పట్టి పోయినచో పండ్రెండు. నేను సైకిలెక్కి గట్టు దారినే పట్టితిని. చొక్కానిండ ఎర్రదుమ్ముతో దిగిన నన్ను చూచి అచ్చటి వృద్ధరైతొకరు, "ఏటి బాబూ, తారురోడ్డుండగా ఈ గట్టంట వచ్చినారేటి?" అని యడిగిరి. విత్తనముల పని ముందుండుటచే నాడు నవ్వి యూరకుంటిని. ఆయన యడిగినది తగిన ప్రశ్నయే గావున ఈ పత్రికాముఖమున సమాధానము చెప్పుచున్నాను. సభ్యులెల్లరకు ఇందు కొంత సంబంధము గలదు.

ఇచ్ఛాపురము మొదలు పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళము, రణస్థలము, భోగాపురముల మీదుగ విశాఖపట్టణమునకు పోవు రహదారిని అందరెరుగుదురు. 2010 వరకు దానిని ఐదవ నంబరు రహదారి యనిరి, ఇప్పుడది పదునారవది. కలకత్తా, మదరాసుల నడుమ నడచు లారీలలో పెక్కింటికి ఇదియే త్రోవ. నరసన్నపేటకు దక్షిణమున ఆరు వరుసలుగ వెడల్పయినది. మోటారు బండ్లకు, మన ధాన్యము మోసికొనిపోవు లారీలకు అది మేలే. సైకిలువాని సంగతి వేరు. కొన్ని యేండ్ల క్రిందట నేను వెనుక క్యారియరుపై నువ్వువిత్తనపు సంచి కట్టుకొని ఆ దారిని పోవుచుండగా ఒక లారీ నన్ను దాటిపోయెను. అది నన్ను తాకలేదు. దాని గాలి విసురుకే సైకిలు అంచు దిగి ప్రక్క కాలువలో పడినది. మోచేయి చీరుకొనిపోయెను, విత్తనములు బురద పాలయ్యెను. నేను పెద్దవాడను, పడినను లేచితిని. ఉన్నత పాఠశాలకు పోవు మన పిల్లలును, తెల్లవారకముందే పాలబిందెలు కట్టుకొని పోవువారును అదే అంచున పోవుచున్నారు.

ఇక గ్రావెలు దారుల మాట. మొరము లేక సన్నకంకర పరచిన దారుల వెంట, మోటారుల సందడి లేని పల్లెల మీదుగ సైకిలుపై దూరప్రయాణము చేయుట నేడు పాశ్చాత్యదేశములలో పెద్ద వేడుకయైనది. అమెరికాలో కాన్సాసు రాష్ట్రపు మట్టిదారులలో 2006 మొదలు దీనికి పందెములు జరుగుచున్నవి. 2022లో ఇటలీదేశమున ప్రపంచ పోటీలే పెట్టిరి. పందెములతో మనకు పని లేదు. ఫ్రాన్సువారు దారిని ఎట్లు ఏర్పరచుకొనిరో అది మనము తెలిసికొనదగినది.

ఆ దేశమున రోడ్లు మొత్తము సుమారు 11 లక్షల కిలోమీటర్లు. అందు సగమునకు పైగా మన పంచాయతీల వంటి కమ్యూనుల అధీనమున నున్నవి. ఇవిగాక పొలములకు పోవు మట్టిదారులు వేరు. పెద్ద బండ్లన్నియు పెద్ద రహదారులకు పోవుటచే పల్లెదారులనేకము నిశ్శబ్దముగ మిగిలినవి. దీనికి తోడు కాలువగట్లు. నేను చదివిన మిషను పాఠశాలలో భూగోళము చెప్పు పంతులుగారు ఫ్రాన్సు పటమునందలి కాలువలను మాచే నీలిసిరాతో గీయించెడివారు. అది పనికిమాలిన శ్రమ యని అప్పుడు గొణుగుకొంటిని. అందొకటి తులూజు పట్టణము నుండి మధ్యధరా సముద్రతీరమునకు పోవు మిదీ కాలువ. రికే యను నతడు పూనుకొని 1666 నుండి 1681 వరకు త్రవ్వించినది. పొడవు సుమారు 240 కిలోమీటర్లు. నాడు గట్టుమీద గుఱ్ఱములు నడచుచు త్రాటితో పడవలను లాగెడివి. సరకు పడవల కాలము గడచిపోయినను గట్టు మిగిలినది. గుఱ్ఱములు నడచిన ఆ గట్టుదారినే నేడు సైకిళ్ళు పోవుచున్నవి.

మూసివేసిన రైలుమార్గములను గూడ వారు విడువలేదు. పట్టాలు తీసి, కట్టను చదును చేసి, బుర్గుండి సీమలో జివ్రి, క్లూని యను ఊళ్ళ నడుమ 1997లో సైకిళ్ళకును పాదచారులకును ఒక దారి తెరచిరి. ఇట్టివానిని వారు పచ్చదారులందురు. 2004లో ఈ పేరు వారి రోడ్డు చట్టమునకెక్కినది: మోటారుబండ్లు పచ్చదారిపై నడువరాదు. తరువాత ఆ చట్టముననే, అధికారి యనుమతించిన బండ్లు మాత్రము పోవచ్చునని సడలింపును చేర్చిరి. ఈ సడలింపును సభ్యులు గుర్తుంచుకొనవలయును. మరల దీని ప్రసక్తి వచ్చును.

మనకిట్టి రైలుకట్ట లేదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా చిన్నరైలు 1900లో ఆరంభమై, 1931 నాటికి గుణుపురము వరకు సాగినది. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. దానినెక్కినవారు మనలో నేటికి నున్నారు. అది 2004లో నిలిచిపోయినను కట్ట వృథా కాలేదు. పెద్ద పట్టాలు వేసి 2011 నాటికి గుణుపురము వరకు రైలు నడిపిరి. అది మంచిదే. కనుక మనకు దిక్కు కాలువగట్టే. అదియు కొద్దిపాటిది కాదు. గొట్టా బ్యారేజి నుండి బయలుదేరు వంశధార ఎడమ కాలువ ఒక్కటియే నూరు కిలోమీటర్లకు మించినది. హిరమండలము దాటి టెక్కలి, పలాసల వైపు సాగును. కుడి కాలువ ఆమదాలవలస వైపు పోవును. అటు నాగావళి మీద తోటపల్లి కాలువలును, నారాయణపురము ఆనకట్ట కాలువలును గలవు. గట్టు అంతట ఒక్కతీరుగ నుండదు. కొన్నిచోట్ల జీపు పోవునంత వెడల్పు, కొన్నిచోట్ల గేదె ఎదురైన దిగి నిలువవలసినంత ఇరుకు. అయినను ఎక్కుడు దిగుడు లేదు, తాటిచెట్ల నీడ కొంత యుండును, ప్రక్కనే నీరు. ఈ సుఖము కొరకే దొరలు విమానమెక్కి ఫ్రాన్సునకు పోవుచున్నారు.

సైకిలు మాటకు వత్తము. గ్రావెలు సైకిలు అని నేడు పట్టణములలో అమ్మునది సామాన్యరైతు కొనదగిన వెల గలది కాదు. కొననక్కరయు లేదు. దాని ముఖ్యగుణము వెడల్పయిన టైరు. సాధారణముగ 35 మొదలు 50 మిల్లీమీటర్ల వరకు నుండును. మన తండ్రులు త్రొక్కిన నల్ల సైకిలు టైరు ప్రక్కన చూడుడు, 28 × 1½ అని యచ్చు వేసియుండును. ఒకటిన్నర అంగుళమనగా ఇంచుమించు 40 మిల్లీమీటర్లు. చక్రము పెద్దది, టైరు వెడల్పయినది, చట్రము బలమైనది. నడుమ నడుమ సన్న టైర్లపై మోజుపడిన లోకము తిరిగి తిరిగి మన పెరటిలో గోడకానించిన సైకిలు టైరు దగ్గరకే వచ్చినది. ఫ్రాన్సులో సెంతెత్యెన్ పట్టణవాసి పాల్ ద వివీ యను నాయన, వెలోసియో యను కలము పేరుతో, వెడల్పు టైరే ప్రయాణికునకు తగినదని నూరేండ్ల క్రిందటనే వాదించెను. కొండదారులకు పండ్లచక్రములు మార్చు గేర్లను గూడ ఆయన ప్రచారము చేసెను. పాపము, అన్ని దారులు తిరిగిన ఆయన 1930లో తన యూరి వీథిలోనే సైకిలు నడిపించుకొని పోవుచు ట్రాము తగిలి మరణించెను.

వెడల్పు టైరుతో పాటు గాలి తగుమాత్రముగ నుండవలయును. మనవారు టైరు రాయివలె నగువరకు పంపు కొట్టుదురు. తారుమీద అది చెల్లును. మొరముపై బిగిసిన టైరు ప్రతి రాతిమీదను ఎగిరిపడును. సైకిలునకును నడుమునకును చెరుపు. బొటనవ్రేలితో గట్టిగ నొక్కిన కొంచెము లోనికి పోవునట్లుండిన చాలును. వెనుక బస్తా యున్నచో వెనుక చక్రమునకు మరికొంత కొట్టవలయును, లేనిచో రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి తెగును. గట్టుమీద అసలు శత్రువు పల్లేరుకాయ, తరువాత తుమ్మముల్లు. పంపు, ట్యూబుముక్క, జిగురు, ఉప్పుకాగితము సంచిలో నుంచుకొనుడు. రంధ్రము వెదకుటకు నీరు ప్రక్కనే యున్నది గదా. అతుకు వేసి తొందరపడి టైరు ఎక్కింపరాదు. లోపల గుడ్డతో తుడిచి, నిలిచిన ముల్లు తీసిన పిమ్మటనే ఎక్కింపవలయును. ఈ యొక్క సంగతి మరచి నేను ఒకే ముల్లుకు రెండుమార్లు దిగితిని.

వానకాలమున నల్లరేగడి గట్టుపై సైకిలు త్రొక్కుట కాని పని. మట్టి మడ్గార్డులో నిండి చక్రము తిరుగదు. ఎర్రమొరము గట్టు ఒక పెద్దవాన తరువాత ఒక పూట ఆగిన పోవచ్చును. సంధ్యవేళ టార్చి లేనిదే పోరాదు. రక్తపింజరి వెచ్చని దారిమీద పడియుండుట నేను కన్నులార చూచితిని.

ఇప్పుడు అసలు విషయము. ఈ దారి నిలుచునా యనునదే సందేహము. మొరము దారి నడుమ ఎత్తుగ, ఇరుప్రక్కల మూరకు ముప్పాతిక అంగుళము చొప్పున వాలి యుండవలయును. వాననీరు నిలువక జారిపోవును. రాయి, ఇసుక, కొంచెము బంకమన్ను కలిసిన మొరమే అణగి గట్టిపడును. ఉత్త రాయియైన చెదరును, ఉత్త ఎర్రమన్నైన జారును. ఇట్లు వేసిన దారిపై సైకిళ్ళును మనుష్యులును ఎన్ని యేండ్లు నడచినను అది చెడదు. దానిని చెరుచునది బరువు. ఇసుకయు మట్టియు తోలు ట్రాక్టర్లు, దమ్ముచక్రములు విప్పకయే గట్టెక్కు ట్రాక్టర్లు ఒక్క వానకాలములో గాడులు చేయును. గాడిలో నీరు నిలిచి గట్టులోనికి ఇంకును. ఇంకినచోట గట్టు మెత్తబడి, కాలువ నిండిననాడు గండి పడును. గండి పడిన, ఎండునది ఎగువవాని పొలము గాదు, శివారు ఆయకట్టువానిది. అనగా సైకిలు దారిని చెరుచునదే మన నీటిని గూడ చెరుచుచున్నది. నేను దారిని గూర్చి ఇంత వ్రాయుట కేవలము షికారు కొరకు గాదని సభ్యులు గ్రహింతురు గాక.

కొందరు రైతులు, "మరి మా కోతధాన్యము ఎట్లు వచ్చును?" అని యడుగుదురు. న్యాయమే. ఫ్రాన్సువారి సడలింపును ఇందులకే చెప్పితిని. గట్టు మొదట రాతికంబములు నాటి, వాని నడుమ తాళము గల అడ్డుకమ్మి నుంచి, కోతల దినములలో తేలికబండ్లకు మాత్రము తెరచుట ఒక పద్ధతి. తాళము ఎవరి యొద్ద నుండవలెనను తగవు తప్పక వచ్చును. ఎవరో యొక పెద్దమనిషి యొద్దగాక సంఘపు కార్యాలయమున నుండుట మేలని నా యభిప్రాయము. సైకిలునకును, ఎడ్లను తోలుకొనిపోవువానికిని ప్రక్కన సందు విడువవలయును. మరియొక మాట, చేదుగ నున్నను చెప్పక తప్పదు: ధాన్యమును దారిపై నారబోసి చుట్టు రాళ్ళు పేర్చుట, ఎత్తిన పిమ్మట ఆ రాళ్ళను అచ్చటనే విడుచుట మన యలవాటు. చీకటిలో ఆ రాయి తగిలి పడునది మన బిడ్డయే.

గట్టు మనది గాదు, జలవనరుల శాఖది. వారి యనుమతి లేనిదే కంబము నాటుటకు గాని మొరము పోయుటకు గాని వీలులేదు. అయినను 1997నాటి చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘములకు కాలువల సంరక్షణలో భాగము కలదు. మన సహకార సంఘ సభ్యులలో పెక్కురు అందును సభ్యులే. కాలువకు నీరు విడువకముందు, గట్టు ఎండియుండు వేసవి దినములే దీనికి తగిన కాలము. ఒక యుదయమున నలుగురు సభ్యులు గట్టు వెంట తమ హద్దు వరకు నడచి, గాడులు పడినచోట్లను, తూములు కృంగినచోట్లను, మొరము కొట్టుకొనిపోయినచోట్లను కాగితముపై వ్రాసికొని వచ్చినచో, ఆ కాగితమునే అర్జీకి జతపరచి పంపవచ్చును. నేను ఆ ప్రాంతమున నున్నయెడల సైకిలుతో వత్తును.